తిరుచానూరు నుంచి శిల్పారామం దాకా నిమ్మళంగా నడిచి పోవచ్చా?

మొగలిరేకు:
వచ్చే శనివారం అమ్మను తీసుకుని తిరుచానూరు వస్తున్నా. పొద్దున్నే అమ్మవారి దర్శనం అయిపోతే రాత్రి ఎనిమిదింటి రైలు దాకా పనేం లేదు. మళ్లీ కొండెక్కే ఓపిక అమ్మకు లేదు, గదిలో కూర్చునే ఓపిక నాకు లేదు. శిల్పారామం ఆ రోడ్డులోనే కదా, నడుచుకుంటూ పోయి బొమ్మలూ చీరలూ చూసి, అట్నుంచి అటే ఊళ్లోకి పోదామని ఆలోచన. అమ్మకు అరవై రెండు, మోకాళ్లు పర్లేదు. ఎవరైనా నడిచారా?

బైరాగిపట్టెడ అన్న:
నడవొచ్చు తల్లీ. తిరుచానూరు నుంచి టౌనుకు అయిదు కిలోమీటర్లే, శిల్పారామం దావలోనే తగుల్తాది. కానీ మధ్యాన్నం మాత్రం బయల్దేరొద్దు. నీడ తక్కువ, తారు కాగుతా ఉంటాది. నేనైతే నాలుగు దాటినాకనే. పొద్దున పోతే సగం స్టాళ్ల మింద పట్టా కప్పే ఉంటాది, ఉత్తపుణ్యానికి తిరిగి రావాల. హైవే దాటేచోట అమ్మ చెయ్యి పట్టుకో. షేర్ ఆటోవాళ్లు పక్కనే నిలిపి ‘రామ్మా, రామ్మా’ అంటా ఉంటారు, తలూపితే ఎక్కించుకున్నట్టే.

కాళహస్తి కోడలు:
కలంకారీ కొనాలంటే రవ్వంత తెలుసుకుని పోండి. మా అత్తగారింట్లో మూడు తరాలుగా ఇదే పని. పెళ్లయి వచ్చిన కొత్తల్లో ఇల్లంతా పాలవాసన ఎందుకొస్తోందా అనుకునేదాన్ని. గుడ్డని కరక్కాయ నీళ్లూ గేదెపాలూ కలిపి అందులో నానేస్తారు. పాలల్లోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. నల్ల సిరా వేరే చేసుకోవాలి: తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి మురగబెడతారు. దాన్ని కసిం అంటాం. కలాన్ని ముంచి కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీస్తే గీసినచోటల్లా నల్లబడుతుంది. నేను మొదటిసారి చూసి మంత్రం అనుకున్నా, మా మామ నవ్వాడు.

కలం అంటే వెదురుపుల్లే, చివర గుడ్డో ఉన్నో చుట్టి దారంతో కడతారు. ఆ చుట్టను వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. కాబట్టి చేత్తో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. దేవతల కళ్లు రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయంటే నాకు అనుమానమే. ఎరుపు కోసం పటిక రాసి వేర్లతో ఉడకబెడతారు, మధ్యమధ్య పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేనప్పుడు మా వాళ్ల అవస్థ చెప్పనలవి కాదు.

ఒక చీరకు వారాలు పడుతుంది. నాలుగొందలకు ఇస్తామన్నారంటే అది స్క్రీన్ ప్రింటు. ప్రింటు కొనకూడదని కాదు, ప్రింటు ధర ఇచ్చి కొనండి. బందరు కలంకారీ చెక్క అచ్చులతో వేసేది, అది వేరే సంగతి, దాన్ని దొంగదని అనకండి.

ఒకసారి మోసపోయినోడు:
అక్క చెప్పిన సంగతి నాకు ముందే తెలిసుంటే! ఊళ్లో గుడికి దగ్గర్లో ఒక దుకాణంలో (పేరు వద్దులే) చేతిపని అని చెప్పి రెండువేల ఎనిమిది వందలు తీసుకున్నారు. ఇంటికొచ్చి తిరగేస్తే వెనకంతా తెల్లగా, రంగు పైపైనే పూసినట్టుంది. అప్పట్నుంచి ఏ గుడ్డైనా ముందు తిప్పి చూస్తా. మా ఆవిడ దాన్ని దిండుగలీబులు కుట్టించింది. బానే ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాల.

చెక్కపని:
ఏర్పేడు దగ్గర మాధవమాల మా ఊరికి పక్కనే, చెక్క బొమ్మలకు పేరు. ఎర్రచందనం బొమ్మ అని ఎవరైనా ఇస్తే వాసన చూసి మోసపోవద్దు. ఎర్రచందనానికి గంధం వాసన ఉండదు. ఘుమఘుమ వస్తోందంటే పైన అత్తరు పూసుండొచ్చు. శేషాచలం కొండల చెట్టు అది, చెక్క నీళ్లలో మునిగేంత బరువు. బొమ్మ పట్టుకుంటే తేలిగ్గా ఉందంటే ఎర్ర రంగు వేసినట్టే. మా ఇంట్లో నవరాత్రుల కొలువుకు పై మెట్టు మీద రాజా రాణీ మరపాచి (ఎర్రచందనపు చెక్క బొమ్మల) జత ఉండాల్సిందే, మా అవ్వ పెండ్లికి వచ్చిన జత. కొనేటప్పుడు బిల్లు అడగండి, ఎర్రచందనంతో ఆటలొద్దు.

పలమనేరు పిల్లోడు:
మా ఊరి మట్టిపని కనిపిస్తే ఒకటి తీసుకోండక్కా. వేలితో కొట్టి చూడండి, ఖణేల్ అంటే బాగా కాలినట్టు, మొద్దుగా మోగిందంటే పగులుంది. రైల్లో చుట్టడానికి పాత చీర ఉంచుకోండి, పేపరు చాలదు.

బేరాలరాణి:
సగానికి అడగండి, ఇస్తారు. ఎప్పుడూ ఇస్తారు.

కాళహస్తి కోడలు:
ఎప్పుడూ ఇచ్చేది కొనితెచ్చి అమ్మేవాళ్లు. గీసినతను ముందర కూర్చుని ఉంటే, కరక్కాయతో పసుపెక్కిన వేళ్లు చూశాక, సగానికి అడగడానికి నోరెట్లా వస్తుందమ్మా?

బేరాలరాణి:
అట్నే. గీసినాయన్ని ముందు చూపించండి, తర్వాత నోరు మూస్తా 🙂

బైరాగిపట్టెడ అన్న:
మీరిద్దరూ ఒకసారి కలిసి పోండి, మేం చూడ్డానికొస్తాం. మొగలిరేకమ్మా, ఒక మాట: పోయినేడు చూసిన మనిషి ఈ ఏడు అక్కడ ఉండకపోవచ్చు, స్టాళ్లవాళ్లు మారతా ఉంటారు. అందుకే ముందు ఒక సుత్తు సుట్టి రా, రెండో సుత్తులో జేబు తియ్.

మొగలిరేకు:
పోయొచ్చాం. నాలుగున్నరకు బయల్దేరాం, గంటలో చేరాల్సింది రెండు గంటలు పట్టింది. అమ్మ దారిలో ప్రతి పూలబండి దగ్గరా ఆగింది, చెరకురసం రెండుసార్లు తాగింది, ఎవరో ముసలామెతో చింతచిగురు ధర మీద పావుగంట మాట్లాడింది. కొనలేదు.

లోపల ఒకాయన చింతబొగ్గుతో గుడ్డ మీద ఆనవాలు గీసుకుంటూ ఉన్నాడు. పక్కన సత్తుగిన్నెలో నల్లనీళ్లు. ‘కసిమా?’ అని అడిగా. తలెత్తి చూసి ‘మీది కాళహస్తా?’ అన్నాడు. కోడలక్కా, ఆ ఒక్కమాటకు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. చీర మా అందుబాటులో లేదు, ఒక చిన్న గుడ్డ తీసుకున్నా, కల్పవృక్షం మీద రెండు చిలకలు. వెనక్కి తిప్పి చూశా. గీత కనిపించింది. బేరం ఆడలేదు.

మట్టి దీపాలు మాత్రం అమ్మే ఎంచింది, ఒక్కోటి వేలితో కొట్టి. అమ్మేవాడు విసుక్కున్నాడు. ఊళ్లోకి నడిచే ఓపిక మిగల్లేదు, స్టేషనుకు ఆటో ఎక్కాం. పాత చీర మాట మర్చిపోయా, అమ్మ తన కొంగులోనే దీపాలు చుట్టుకుని కూర్చుంది. ఒకటి చెవి విరిగింది.

పలమనేరు పిల్లోడు:
చెవి విరిగింది పారెయ్యొద్దక్కా, తులసికోట దగ్గర పెట్టుకోండి.