యూరప్ బ్యాండ్ ఫస్ట్ ఆల్బమ్ (1983) నిజంగా బాగుంటుందా, లేక తర్వాత వచ్చిన పేరు వల్ల పొగుడుతున్నారా?

వెన్నెలబండి:
అందరికీ నమస్తే. నాకు యూరప్ అనే స్వీడన్ రాక్ బ్యాండ్ గురించి తెలిసింది ఒక్క 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' పాటే, ఆ కీబోర్డ్ ట్యూన్ చిన్నప్పట్నుంచీ చెవుల్లో ఉండిపోయింది. మొన్న రాత్రి వాళ్ల మొదటి ఆల్బమ్ పెట్టా, బ్యాండ్ పేరుతోనే 1983లో వచ్చిందది. మొదటి పాట మొదలయ్యేసరికి వేరే బ్యాండ్ ఏదో ప్లే అవుతోందనుకుని మళ్లీ పేరు చూసుకున్నా. కీబోర్డ్ ఎక్కడో వెనకాల ఉంది, గిటారే ముందుండి లాక్కెళ్తోంది, గొంతు ఆ కౌంట్‌డౌన్ పాట సింగర్‌దే అని తెలుస్తోంది గానీ ఇంకా పచ్చిగా ఉంది. రెండుసార్లు విన్నా, నచ్చిందో లేదో తేల్చుకోలేకపోతున్నా. బాగా విన్నవాళ్లు చెప్పండి, ఏ పాట దగ్గర మొదలుపెట్టాలి?

తీగలపిచ్చి:
బ్రో, నువ్వు విన్నది కరెక్టే, అది గిటార్ ఆల్బమ్. వాళ్లు స్టాక్‌హోమ్‌కి ఉత్తరాన ఉన్న ఉప్లాండ్స్ వేస్బీ కుర్రాళ్లు, ముందు బ్యాండ్ పేరు ఫోర్స్. 1982లో రాక్-ఎస్ఎమ్ అని స్వీడన్ మొత్తానికి బ్యాండ్ల పోటీ పెడితే అందులో గెలిచారు, ఆ గెలుపుకి వచ్చిన ప్రైజే రికార్డ్ డీల్, ఆ డీల్‌తో తీసిందే ఈ ఆల్బమ్. పోటీకి ముందే పేరు యూరప్ అని మార్చుకున్నారు. ఆల్బమ్ బయటికొచ్చేటప్పటికి సింగర్ జోయీ టెంపెస్ట్, గిటారిస్ట్ జాన్ నోరమ్, బేస్ వాయించే జాన్ లెవెన్, ముగ్గురికీ 19 ఏళ్లే. నేనైతే ఈ సంగతి తెలిశాక మళ్లీ మొదట్నుంచి విన్నా, అప్పుడు ఆ తొందర, ఆ పచ్చిదనం వేరేగా వినిపించాయి.

'సెవెన్ డోర్స్ హోటల్'తో మొదలుపెట్టు. లూచియో ఫుల్చి అనే ఇటలీ డైరెక్టర్ 1981లో తీసిన హారర్ సినిమా 'ది బియాండ్' చూసి రాసిన పాట అది. జపాన్‌లో బాగా ఆడింది కూడా, సొంత దేశం బయట వీళ్లని ముందు పట్టించుకున్నది అక్కడివాళ్లే.

చప్పుడు83:
నాకూ ఈ ఆల్బమ్ ఇష్టమే, కానీ ఉన్నమాట చెప్పాలి కదా. రికార్డింగ్ బాగా పల్చగా ఉంటుంది. టోనీ రెనో డ్రమ్స్ గట్టిగానే కొడతాడు, కానీ ఆ దెబ్బకి బరువు రాదు, అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది, బేస్ అయితే వెతుక్కోవాలి. టెంపెస్ట్ పైస్థాయికి వెళ్లినప్పుడు కొన్నిచోట్ల గొంతు పట్టేసినట్టు అనిపిస్తుంది. సాహిత్యం కూడా రాజు తిరిగొస్తాడు, భవిష్యత్తు, పిల్లలు, జ్ఞాపకాలు, ఆ ఈడు కుర్రాళ్లు రాసుకునే మాటలే. 1984లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ 'వింగ్స్ ఆఫ్ టుమారో'తో పక్కపక్కన పెట్టి వింటే ఒక్క ఏడాదిలో ఎంత నేర్చుకున్నారో తెలిసిపోతుంది. వెన్నెలబండి గారూ, మీరు ముందు అది విని తర్వాత దీనికి రండి, అప్పుడు ఇంకా నచ్చుతుంది.

తీగలపిచ్చి:
డ్రమ్స్ సంగతి ఒప్పుకుంటా అన్నా. కానీ గొంతు విషయంలో ఒప్పుకోను, 'ది కింగ్ విల్ రిటర్న్' ఇంకోసారి విను. మెల్లగా మొదలై మెల్లగా పెరుగుతుంది, ఎక్కడా అరవడు, పాటని మోసుకెళ్తాడు. ఆ దిగులు గొంతులోనే ఉంది, తర్వాత పెద్ద స్టూడియోలు వచ్చాక పాలిష్ పెరిగింది గానీ ఆ దిగులు మాత్రం ఇక్కడే ఎక్కువ.

నల్లరికార్డు:
లేటుగా వచ్చా, ఇద్దరూ నోరమ్ గురించి సరిగ్గా మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా. 'బోయజాంట్' అని మాటల్లేని ట్రాక్ ఒకటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. వేగంగా వాయించేవాళ్లు ఎందరో ఉన్నారు, నోరమ్ దగ్గర నాకు నచ్చేది ఏంటంటే వేగంగా వెళ్తూ వెళ్తూ ఒక్క స్వరం దగ్గర ఆగిపోతాడు, తీగని పైకి లాగి అలాగే పట్టుకుంటాడు, అది వణుకుతూ ఉంటుంది, మనం ఊపిరి బిగబట్టి వింటాం, అప్పుడు వదుల్తాడు. గ్యారీ మూర్ అనే గిటారిస్ట్‌ని విన్నవాళ్లకి ఆ పద్ధతి ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది.

ఇంకోటి. మైక్ మికేలీ కీబోర్డ్‌కి వచ్చింది ఈ ఆల్బమ్ తర్వాత, 1984లో. ఇందులో ఉన్న కాస్త కీబోర్డ్ టెంపెస్టే వాయించాడు. అందుకే గిటార్‌కి ఇంత చోటు దొరికింది. 1986లో 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' ప్రపంచమంతా మోగుతున్న టైంలోనే నోరమ్ బ్యాండ్ వదిలేశాడు, కీబోర్డ్స్ కింద గిటార్ మునిగిపోయిందని ఆయన బాధ. అందరూ ఎక్కాలనుకునే మెట్టు మీద నిలబడి దిగిపోయాడు, ఎందుకు దిగాడో అర్థం కావాలంటే ఈ 1983 రికార్డ్ వింటే చాలు, ఆయన పోగొట్టుకున్నానని అనుకున్నది మొత్తం ఇందులో ఉంది. 2000ల్లో బ్యాండ్ మళ్లీ కలిసినప్పుడు ఆయనా తిరిగొచ్చాడు, అప్పట్నుంచి వాళ్ల ఆల్బమ్స్‌లో గిటార్ మళ్లీ ముందుకొచ్చింది.

వెన్నెలబండి:
అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి లైట్ తీసేసి హెడ్‌ఫోన్స్‌తో విన్నా. చప్పుడు గారు చెప్పిన డ్రమ్స్ నిజమే, మొదటి రెండు పాటలూ దాని మీదే ధ్యాస పోయింది. 'సెవెన్ డోర్స్ హోటల్' దగ్గర మర్చిపోయా. బోయజాంట్‌లో ఆ లాగి పట్టుకున్న స్వరం దొరికింది, మూడుసార్లు వెనక్కి పెట్టుకుని విన్నా. చివర్లో 'మెమొరీస్' గురించి ఎవరూ రాయలేదేంటి, ఆల్బమ్ మొత్తంలో నాకు బాగా పట్టుకున్నది అదే!

చప్పుడు83:
'మెమొరీస్' నచ్చిందా, అయితే 'వింగ్స్ ఆఫ్ టుమారో'లో 'స్క్రీమ్ ఆఫ్ యాంగర్' పెట్టండి వెంటనే. అదే పరుగు, ఈసారి డ్రమ్స్ కూడా వినపడతాయి.