రిబ్కాలో దొరికిన 0.0: కాపీకి సాక్ష్యమా?

శకటం64:
చెస్ ఇంజిన్ల (చెస్ ఆడే ప్రోగ్రాముల) టోర్నీకి కాపీ తనిఖీ నియమాలు రాస్తున్నాం. డాన్ డెయిలీ రాసిన సిమ్ (పోలిక) టెస్ట్ ఒక్కటి చాలా? వేల పొజిషన్లలో రెండు ఇంజిన్లు ఎన్నిసార్లు ఒకే ఎత్తు వేశాయో చూసి, 60 శాతం దాటితే పంపించేద్దామా?

నల్లగడి:
చాలదండీ. ముందు టెస్టే సరిగ్గా నడపాలి: ఒకటే థ్రెడ్, బుక్ (ముందే దాచిన ఆరంభపు ఎత్తులు) ఆఫ్, ప్రతి పొజిషన్‌కూ హ్యాష్ (పాత లెక్కలు దాచే మెమరీ) ఖాళీ, ఎత్తుకు ఇంత అని స్థిరమైన సమయం. థ్రెడ్లు ఎక్కువైతే ఒకే ఇంజిన్‌ను రెండుసార్లు నడిపినా తనతో తనకే పొంతన కుదరదు. డెప్త్ (ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలన్న) లిమిట్ పెట్టొద్దు, కాపీ గొడవలో చిక్కుకున్న రిబ్కా ఇంజిన్ చూపించిన డెప్త్ అసలుది కాదని తెలిసిందే. ఇంతా చేస్తే సిమ్‌లో ఎక్కువగా బయటపడేది ఎవాల్ (పొజిషన్‌కు విలువ కట్టే భాగం) పోలికే. సెర్చ్ (ఎత్తులు వెతికే భాగం) మొత్తం ఎత్తుకొచ్చి, విలువ కట్టే న్యూరల్ నెట్ ఒక్కటి మార్చండి, అంకె పడిపోతుంది. విడివిడిగా రాసిన రెండు ఇంజిన్లను ఒకే డేటాతో ట్రైన్ చేయండి, పెరుగుతుంది. ఎవరి కోడ్ విప్పి చూడాలో చెప్పడం వరకే దాని పని.

గుర్రంఎత్తు:
విప్పితే ఏం తేలిందో చూశాంగా! రిబ్కా 1.0 బీటా కోడ్‌లో ఫ్రూట్ ఇంజిన్‌లో ఉన్నట్టే 0.0 కనబడింది, ఫ్రూట్‌ను కాపీ కొట్టిన దొంగ అనేశారు. ఒక్క సున్నా!

నల్లగడి:
ఆ సున్నా ఎక్కడుందో కూడా చెప్పండి. ఫ్రూట్ 2.1లో మూవ్‌టైమ్ (ఎత్తుకు ఇచ్చే సమయం) డబుల్, అంటే దశాంశ సంఖ్య, సెకన్లలో ఉంటుంది. కాబట్టి 0.0తో పోల్చడం సహజం. రిబ్కాలో అదే విలువ మిల్లీసెకన్లలో, పూర్ణాంకం. పూర్ణాంకాన్ని 0.0తో పోల్చే అవసరం ఏమొచ్చింది?

గుర్రంఎత్తు:
అలవాటు. ఫ్రూట్‌ది మెయిల్‌బాక్స్ బోర్డు (గడికో అర ఉన్న పట్టిక), రిబ్కాది బిట్‌బోర్డు (గడికో బిట్ ఉన్న 64 బిట్ల సంఖ్యలు). బోర్డే వేరైతే కాపీ ఏమిటి?

పావుబంటు:
పాత పంచాయితీ మళ్ళీ మొదలు.

నల్లగడి:
సున్నా వదిలి పీస్-స్క్వేర్ పట్టికలు (ఏ పావు ఏ గడిలో ఉంటే ఎంత విలువో చెప్పేవి) చూడండి. ఫ్రూట్‌లో గుర్రానికి -4, -2, 0, 1, 1, 0, -2, -4 అని ఒక వరుస ఉంది. ఇలాంటి చిన్న వరుసలను అడ్డానికీ నిలువుకూ వేసి, తూకాలతో గుణించి 64 గడులూ నింపుతుంది. రిబ్కాలో అంకెలు సిద్ధంగా పేర్చి ఉన్నాయి. ఫ్రూట్ ఫార్ములాలో తూకాలు మారిస్తే అవే అంకెలు వస్తాయి.

గుర్రంఎత్తు:
సున్నా సంగతి తేల్చకుండా పట్టికల్లోకి దూకారు. నా ఇంజిన్‌నూ ఒక టోర్నీలో సిమ్ అంకె ఒక్కటే చూపించి పక్కన పెట్టారు. నల్ మూవ్, ఎస్ఈఈ లాంటి మామూలు సెర్చ్ పద్ధతులు ఎవరి దగ్గర లేవు?

నల్లగడి:
వాటిని ఎవరు లెక్కేశారు? యూసీఐ (ఇంజిన్లు బయటి ప్రోగ్రాములతో మాట్లాడే ప్రమాణం) వల్ల తప్పనివి, అందరికీ తెలిసిన ఆల్గోరిథమ్‌లు ముందే వడకట్టి, మిగిలినదాన్నే పోల్చాలి. మీ బాధ మీది, కోడ్ సంగతి వేరు.

గుర్రంఎత్తు:
నీతులు వద్దు! కోర్టులో నిలుస్తుందా, లేదా?

నల్లగడి:
కోర్టు ఊసు ఎవరెత్తారు? ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలు నడిపే ఐసీజీఏ రెండో నియమం చదవండి: ఇతరుల కోడ్ నుంచి పుట్టినదైతే వాళ్ళ పేర్లు ఎంట్రీలోనే చెప్పాలి. రిబ్కా రచయిత చెప్పలేదు, 2011లో టైటిళ్ళు పోయాయి.

గుర్రంఎత్తు:
పేరు చెప్పనందుకు జీవితకాల నిషేధమా? 2015లో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నైతిక సంఘమే దాన్ని తప్పుబట్టింది. పైగా విచారణ ప్యానెల్లో కూర్చున్నది పోటీ ఇంజిన్లు రాసేవాళ్ళు. నా గొడవ మొదటి నుంచీ అదే.

నల్లగడి:
అదైతే ముందే అనాల్సింది. నిషేధాన్ని తప్పుబట్టిన మాట నిజమే, టైటిళ్ళ రద్దు మాత్రం అలాగే ఉంది. డిస్‌అసెంబ్లీ (ప్రోగ్రామ్‌ను విప్పితే వచ్చే యంత్ర కోడ్) చదవగలిగేది ఇంజిన్లు రాసినవాళ్ళే, బయటివాళ్ళను ఎక్కడినుంచి తెస్తారు?

శకటం64:
సరే, ఎంట్రీతోపాటు సోర్స్ కోడ్ సీల్ చేసి తీసుకుంటాం. ఫిర్యాదు వస్తేనే విప్పుతాం.

గుర్రంఎత్తు:
ఎవరు విప్పుతారు? ఆ ఏడాది ఆడుతున్నవాడి చేతికైతే నేనివ్వను.