మూడు మోడళ్లకి ఒకే మాస్టర్ ఇమేజ్: ఎవరైనా చేశారా?

ల్యాబ్_మామ
మా కాలేజీలో రెండు ల్యాబుల్లో కలిపి 84 సిస్టమ్స్. మూడు కంపెనీలవి, మూడు మోడళ్లు. అన్నిట్లో విండోస్ 11. ప్రతి సెమిస్టర్ ముందూ ఒక్కో మోడల్‌కి ఒక్కో ఇమేజ్ (విండోస్, సాఫ్ట్‌వేర్ అంతా కలిపిన డిస్క్ నకలు) తీసి, క్లోనెజిల్లా అనే క్లోనింగ్ టూల్‌తో వేస్తున్నా. పైథాన్ వెర్షన్ మారిందంటే మూడు చోట్లా మళ్లీ మొదటి నుంచీ చేయాలి. మొన్న పాత మోడల్ ఇమేజ్‌నే కొత్త సిస్టమ్‌లో వేసి చూశా. నీలి తెర వచ్చింది, 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని. పైవారం ప్రాక్టికల్స్, టెన్షన్‌గా ఉంది.

పాత_ఘోస్ట్
విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఘోస్ట్ (అప్పటి డిస్క్ క్లోనింగ్ టూల్) వాడినవాళ్లకి ఈ నీలి తెర పాత చుట్టమే. అప్పట్లో హాల్ (విండోస్‌కీ హార్డ్‌వేర్‌కీ మధ్య ఉండే పొర) తేడా ఉన్నా బూట్ అయ్యేది కాదు, బోర్డుకో ఇమేజ్ దాచుకునేవాళ్లం. విస్టా నుంచి విమ్ (విండోస్ ఇమేజ్ ఫైల్ రకం) వచ్చాక హాల్ గొడవ పోయింది. ఇప్పుడు మిగిలింది ముఖ్యంగా స్టోరేజ్ డ్రైవరే.

నీ కొత్తవి ఇంటెల్ 11వ తరమో, ఆ పైవో అయితే బయాస్‌లో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడు. ఆన్‌లో ఉంటే ఇంటెల్ డ్రైవర్ లేనిదే డిస్క్ కనిపించకపోవచ్చు. వీఎండీ ఆపెయ్, లేదా ఆ డ్రైవర్‌ని ఇమేజ్‌లోనూ, బూట్ చేసే పెన్‌డ్రైవ్‌లోనూ కలుపు. ఇప్పటికే నడుస్తున్న సిస్టమ్‌లో మాత్రం ఊరికే మార్చకు, అదీ బూట్ అవడం మానేస్తుంది.

రాత్రి_డ్యూటీ
అసలు మాస్టర్‌ని నిజమైన సిస్టమ్ మీద ఎందుకు చేస్తున్నావు అన్నా? హైపర్-వీలోనో వర్చువల్‌బాక్స్‌లోనో వర్చువల్ మెషీన్ (వీఎం) పెట్టి అందులో చెయ్. అక్కడ ఏ కంపెనీ డ్రైవరూ అంటుకోదు. పిండి ఒక్కటే రుబ్బుకో, ఇడ్లీ వేయాలా దోసె వేయాలా అన్నది తర్వాతి సంగతి.

నేను చేసే పద్ధతి ఇది. ఇన్‌స్టాల్ అయ్యి దేశం, భాష అడిగే స్క్రీన్ రాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఆడిట్ మోడ్‌లోకి వెళ్తుంది. యూజర్‌ని క్రియేట్ చేయకుండానే సాఫ్ట్‌వేర్ అంతా వేసుకోవచ్చు. నెట్ తీసేసి ఉంచు, లేకపోతే స్టోర్ యాప్స్ వాటంతటవే అప్‌డేట్ అయిపోయి సిస్‌ప్రెప్ (ఇమేజ్ తీసే ముందు ఆ సిస్టమ్ సొంత గుర్తులు తుడిచేసే విండోస్ టూల్) దగ్గర ఏడిపిస్తాయి. సిస్‌ప్రెప్‌కి ముందు తప్పకుండా చెక్‌పాయింట్ (వెనక్కి రావడానికి వీఎం అప్పటి స్థితి నకలు) తీసుకో. తర్వాత జనరలైజ్ టిక్ పెట్టి షట్‌డౌన్. విన్‌పీఈ (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే చిన్న విండోస్)తో బూట్ చేసి, డిస్మ్ (ఇమేజ్‌లు తీసే, వేసే విండోస్ కమాండ్)తో క్యాప్చర్. వచ్చే సెమిస్టర్‌కి చెక్‌పాయింట్‌కి వెనక్కి వెళ్లి, పైథాన్ మార్చి, మళ్లీ సీల్ చేయడమే.

డ్రైవర్_బాబాయ్
పైన చెప్పింది సగమే, మిగతా సగం డ్రైవర్లు. వాటన్నిటినీ ఇమేజ్‌లోకి కుక్కకండి. నేను ఒకసారి కుక్కి చూశా, ఫైల్ ఉబ్బింది, ఏ సిస్టమ్ ఏ డ్రైవర్ తీసుకుందో తేల్చుకోలేక తల పట్టుకున్నా. మోడల్ పేరుతో ఒక్కో ఫోల్డర్ పెట్టుకోండి. ఇమేజ్ వేశాక, మొదటి బూట్‌కి ముందే, విన్‌పీఈలోంచి డిస్మ్ యాడ్-డ్రైవర్‌తో ఆ ఒక్క ఫోల్డర్‌ని ఎక్కించండి. రికర్స్ పెడితే లోపలి ఫోల్డర్లు కూడా వెతుక్కుంటుంది.

డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ ఈ పనికోసమే మోడల్‌వారీ డ్రైవర్ ప్యాక్‌లు ఇస్తాయి. అసెంబుల్డ్ సిస్టమ్ అయితే బాగా నడుస్తున్న దాంట్లోంచి పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ కమాండ్‌తో డ్రైవర్లు ఎగుమతి చేసుకోవచ్చు. స్క్రిప్ట్ రాస్తే ఒక చిక్కు ఉంది: సిస్టమ్ వివరాలు చెప్పే విండోస్ క్లాస్ విన్32 కంప్యూటర్‌సిస్టమ్‌లో మోడల్ అడిగితే లెనోవో పేరు చెప్పదు, కోడ్ చెప్తుంది. అసలు పేరు కంప్యూటర్‌సిస్టమ్‌ప్రోడక్ట్‌లో వెర్షన్ దగ్గర ఉంటుంది. ఇది తెలిసేసరికి నాకు ఒక ఆదివారం పోయింది.

క్లోన్_రాజు
ఇంత అవసరమా? నేను సిస్‌ప్రెప్ జోలికే పోను. క్లోన్ కొట్టి, కంప్యూటర్ పేరు మారుస్తా. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు.

పాత_ఘోస్ట్
@క్లోన్_రాజు ఏళ్ల తరబడి నిజమే. ఒకే ఎస్‌ఐడీ (విండోస్ సిస్టమ్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య; సిస్‌ప్రెప్ లేకుండా క్లోన్ కొడితే అదీ నకలైపోతుంది) రెండు సిస్టమ్స్‌కి ఉంటే కొంప మునగదని 2009లో మైక్రోసాఫ్ట్ నిపుణుడు మార్క్ రుసినోవిచే రాశాడు. ఇప్పుడు కథ మారింది. 2025 ఆగస్టు 29 నుంచి వచ్చిన అప్‌డేట్లతో, విండోస్ 11 24హెచ్2, 25హెచ్2, సర్వర్ 2025లలో ఎస్‌ఐడీ తనిఖీ మొదలైంది. ఒకే ఎస్‌ఐడీ ఉన్న సిస్టమ్స్ మధ్య కెర్బరోస్, ఎన్‌టీఎల్‌ఎం (నెట్‌వర్క్‌లో విండోస్ వాడే లాగిన్ పద్ధతులు) లాగిన్ కుదరదు. షేర్ ఫోల్డర్ తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది, సరైనది కొట్టినా తప్పంటుంది.

క్లోన్_రాజు
అబ్బా. మా అకౌంట్స్ సెక్షన్‌లో రెండు వారాలుగా సరిగ్గా ఇదే. నేను స్విచ్ మార్చాను తెలుసా!

ల్యాబ్_మామ
వీఎంలో మొదలుపెట్టా. సిస్‌ప్రెప్ 'వ్యాలిడేట్ చేయలేకపోయాం' అని ఆగిపోయింది. నెట్ తీయడం మర్చిపోయా.

రాత్రి_డ్యూటీ
చెప్పానుగా 😀 సిస్‌ప్రెప్ కింద పాంథర్ ఫోల్డర్‌లో సెటప్‌యాక్ట్ లాగ్ తెరువు. ఏదో ఒక యాప్ పేరు ఉంటుంది, ఒక్క యూజర్‌కే ఇన్‌స్టాల్ అయింది, అందరికీ కాదు అని. పవర్‌షెల్‌లో రిమూవ్-యాపెక్స్‌ప్యాకేజ్‌తో దాన్ని తీసెయ్. ఒకటి తీస్తే ఇంకొకటి పేరు రావచ్చు, ఓపిక పట్టు. బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) ఆన్‌లో ఉన్నా ఆగిపోతుంది, అదీ చూసుకో.

కీ_ఎక్కడ
లైసెన్స్ గురించి ఎవరూ అనలేదు. సిస్టమ్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్‌కి ఇలా రీఇమేజింగ్ హక్కు ఉండదు. వాల్యూమ్ లైసెన్స్ (సంస్థలు టోకున కొనేది) ఉందో లేదో కాలేజీ ఆఫీసులో అడగండి.

ల్యాబ్_మామ
ఉంది, ప్రిన్సిపాల్ గారి దగ్గర కాగితం చూశా.

నాలుగు యాప్స్ తీశాక సీల్ అయింది. విమ్ 4 జీబీ దాటి ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో పట్టలేదు, డిస్మ్‌తోనే ముక్కలు చేశా. నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చుని 70 సిస్టమ్స్ పూర్తి. వీఎండీ ఆపాక కొత్తవి కూడా గంటలా బూట్ అయ్యాయి. ఒక మోడల్‌లో రెండిటికి మాత్రం సౌండ్ లేదు. విప్పి చూస్తే పేరు అదే, బోర్డు వేరు. @డ్రైవర్_బాబాయ్ వీటికి ఇంకో ఫోల్డర్ పెట్టాలా, బోర్డు నంబర్‌తో విడదీసే మార్గం ఉందా?

డ్రైవర్_బాబాయ్
అలాంటిదే ఇంకో క్లాస్, విన్32 బేస్‌బోర్డ్‌లో ప్రోడక్ట్ అడుగు. రెండిట్లోనూ తేడా కనిపిస్తే స్క్రిప్ట్‌లో ఒక్క లైన్ పని. కనిపించకపోతే ఆ రెండు సిస్టమ్స్ ఎవరూ పాటలు వినని మూలకి జరుపు.