హార్డ్ డిస్క్ బ్లాకు సైజు మార్చాలంటే ఫార్మాట్ చేయక తప్పదా?

ప్రశ్న (చిక్కడపల్లి, హైదరాబాద్):
నమస్కారం. పాత తెలుగు పుస్తకాలను పేజీకొక టెక్స్ట్ ఫైలు చొప్పున టైపు చేసి, సికింద్రాబాద్ సీటీసీలో కొన్న 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులో దాచుకుంటున్నాను. ఇప్పటికి 60,000 ఫైళ్లయ్యాయి. ప్రాపర్టీస్‌లో ‘సైజ్’ ఎదుట 350 ఎంబీ అని ఉంటే, ‘సైజ్ ఆన్ డిస్క్’ ఎదుట 7.3 జీబీ అని ఉంది. డిస్కు ఎక్స్‌ఫ్యాట్ (ఫైళ్లను డిస్కులో అమర్చే ఒక పద్ధతి)లో ఉంది. ఫైళ్లు పోకుండా బ్లాకు (ఫైళ్లకు చోటు కేటాయించేందుకు డిస్కును విభజించిన కనీస ముక్క) సైజు తగ్గించుకునే వీలుందా?

సమాధానం 1:
యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి)లో తెలుగు అక్షరం, గుడి, పొల్లు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి కనుక ‘చిక్కడపల్లి’ అన్న ఒక్క మాటకే 33 బైట్లవుతాయి. అయినా మీ పేజీ సగటున 6 కేబీ దాటదు. 32 జీబీకి మించిన డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు విండోస్ మామూలుగా 128 కేబీ బ్లాకును ఎంచుకుంటుంది; ఒక బ్లాకులో రెండు ఫైళ్లు ఇమడవు కాబట్టి మిగిలిన 122 కేబీ ఖాళీగా పడి ఉంటుంది. విండోస్‌తో వచ్చే సాధనాల్లో ఫార్మాట్ తప్ప వేరే దారి లేదు. ఎక్స్‌ఫ్యాట్‌నే ఉంచి 4 కేబీకి దించితే బ్లాకుల పట్టికకే దాదాపు 1 జీబీ పోతుంది, అందుచేత ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే మరో అమరిక పద్ధతి) తీసుకుని, ‘అలొకేషన్ యూనిట్ సైజ్’లో, అంటే బ్లాకు సైజులో, 4096 బైట్లు (4 కేబీ) ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

సమాధానం 2:
ఒక్క మాట, ఆ డిస్కును మ్యాక్‌కు కూడా తగిలిస్తారా? మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదవగలదు కానీ, అదనపు సాఫ్ట్‌వేర్ లేనిదే అందులో రాయలేదు. అలాంటప్పుడు డిస్కును ఫార్మాట్ చేయకుండా, పూర్తయిన పుస్తకాన్ని పుస్తకంగా ఒక జిప్ ఫైలు చేసుకుంటే వృథా దాదాపు పోతుంది. ఫార్మాటే చేయదలిస్తే మాత్రం ముందు మరో డిస్కులోకి కాపీ చేసి, రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, ‘సైజ్’ బైట్లతో సహా సరిపోయాయో లేదో చూసి, పది పన్నెండు ఫైళ్లు తెరిచి చదివిన తరువాతే ముందుకు వెళ్లండి. ‘సైజ్ ఆన్ డిస్క్’ రెండు చోట్లా ఒకటిగా ఉండకపోవచ్చు, దానికి కంగారు పడకండి.

సమాధానం 3:
డిస్కు వివరాల్లో కనిపించే 512 బైట్ల సెక్టారు (డిస్కు ఒకసారి చదివి రాసే అతి చిన్న భాగం) వేరు, ఈ బ్లాకు వేరు. మామూలు ఫార్మాట్ సెక్టారును మార్చదు, మీ పనికి మార్చవలసిన అవసరమూ లేదు.

ప్రశ్న అడిగినవారు:
మ్యాక్ వాడకం లేదు. తమ్ముడి డిస్కులోకి కాపీ చేసి, లెక్క సరిచూసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 4096తో ఫార్మాట్ చేశాను. ఫైళ్లన్నీ తిరిగి చేరాయి. ఇప్పుడు ‘సైజ్ ఆన్ డిస్క్’ సుమారు 470 ఎంబీ. తమ్ముడి దగ్గరి కాపీని అలాగే ఉంచుతున్నాను.