దొడ్డబళ్లాపుర తోట ఇంటికి తుపాకీ లైసెన్సు: తెలిసినవాళ్లు చెప్పండి

అనంతపురం కొత్త:
అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం ఈ మధ్యే బెంగళూరు వచ్చాను. దొడ్డబళ్లాపుర అవతల తోటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం, అమ్మానాన్నా నాతోనే ఉంటారు. మొన్న పక్క తోటలో బోరు మోటారు కేబులు కోసుకుపోయారు. అప్పటినుంచి కుక్క మొరిగితే చాలు, ఇంట్లో టెన్షన్. నాన్నగారి పేరు మీద ఊళ్లో లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఉంది. అది తెచ్చుకోవచ్చా, నా పేరున కొత్తది తీసుకోవాలా?

వైట్‌ఫీల్డ్ పాతకాపు:
తమ్ముడూ, తుపాకీ తర్వాత, ముందు మీ ఓనరు ఎలాంటివాడో చూసుకో. దేవనహళ్లి వైపు నేనూ ఇలాంటి ఇంట్లోనే ఉండేవాణ్ణి. లైసెన్సుకి దరఖాస్తు పెడితే విచారణకి కానిస్టేబుల్ వచ్చాడు. నేను ఆఫీసులో ఉన్నాను. ఆయన నేరుగా ఓనర్నే అడిగాడట, ‘మీ ఇంట్లో అద్దెకున్నాయన గన్ను కావాలంటున్నాడు, మనిషి ఎలాంటివాడు?’ అని. ఇంకేముంది! సాయంత్రం నేను వెళ్లేసరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో అగ్రిమెంటు జిరాక్సు, ‘ఇల్లు వ్యాపారానికి వాడరాదు’ అన్న లైను కింద ఎర్ర ఇంకు గీత. తుపాకీకీ వ్యాపారానికీ సంబంధమేంటయ్యా అంటే వినడే! ‘మనె ఖాలీ మాడి’ (ఇల్లు ఖాళీ చెయ్యండి) అని ఒకటే పాట. పది నెలల అడ్వాన్సులో పెయింటింగుకని ఒక నెల, ఆయన మనశ్శాంతి పోయిందని ఇంకో నెల కోసుకున్నాడు. ఇల్లు మారేసరికి ఆ దరఖాస్తూ అటకెక్కింది.

కనకపుర తోట:
అన్నా, కథ బాగుంది గానీ అబ్బాయి అడిగింది అది కాదు. లైసెన్సు నాన్నగారిది కాబట్టి తుపాకీ ఆయన దగ్గరే ఉండాలి. అది ఆంధ్రాకే చెల్లేదైతే రాష్ట్రం దాటించకూడదు. ఆయన ఇక్కడే స్థిరపడితే 30 రోజుల్లో ఇక్కడి అధికారులకి తెలపాలి. ఆయనకి 70 ఏళ్లు నిండినా, తుపాకీ చేతికొచ్చి 25 ఏళ్లయినా, 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం వారసుడిగా నువ్వు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్తదైతే మీ వైపు పోలీసు కమిషనర్ కాదు, డీసీ (మన కలెక్టరు లాంటివాడు) ఆఫీసుకెళ్లాలి. 21 ఏళ్లు నిండాలి, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. కారణం దగ్గర ‘భయంగా ఉంది’ అని రాస్తే ఎవరూ చూడరు. కేబులు దొంగతనం మీద ఎఫ్‌ఐఆర్ ఉంటే ఆ కాపీ జత చెయ్యి. 2019 ఆయుధాల చట్టం సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లు, మనిషికి రెండు తుపాకులు దాటకూడదు.

మారతహళ్లి అక్క:
దొరికిందే అనుకుందాం, ఏం చేస్తావు బాబూ? కేబులు దొంగ పరిగెత్తుతుంటే వెనక నుంచి కాలిస్తే ఆత్మరక్షణ అనరు, హత్య కేసు పెడతారు. చిరుతని కాలిస్తే 1972 వన్యప్రాణి చట్టం ఉండనే ఉంది. గేటుకి మంచి లైటు, ఇంకో కుక్క, 112. ఇవి చాలు.

వైట్‌ఫీల్డ్ పాతకాపు:
మరి కొడగులో (కూర్గులో) లైసెన్సు లేకుండానే ఇంటింటా ఉన్నాయిగా!

కనకపుర తోట:
అది అక్కడి కొడవ జాతివాళ్లకీ, జమ్మా భూములు (తరతరాలుగా వచ్చే పాతకాలపు భూములు) ఉన్నవాళ్లకీ ఇచ్చిన మినహాయింపు. 2029 దాకా పొడిగించారు. కాఫీ తోట కొన్నంత మాత్రాన నీకూ నాకూ రాదు.
ఇంకోటి, ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్లో జమ చెయ్యమంటారు. 2023లో అసెంబ్లీకి ఇచ్చొచ్చాను, ఏడాది తిరిగేసరికి లోక్‌సభకి మళ్లీ. ఆ నెలన్నరా దొంగలకి పండగే.

మారతహళ్లి అక్క:
నేనన్నదీ అదేగా! కుక్కనైతే ఎవరూ జమ చెయ్యమనరు.

కనకపుర తోట:
కుక్కకి బిస్కెట్టు వేస్తే సరిపోతుందండీ.

మారతహళ్లి అక్క:
మా కుక్క సంగతి మీకేం తెలుసు?

అనంతపురం కొత్త:
అందరికీ థాంక్స్. ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం రేపు పక్క తోటాయన్ని అడుగుతాను. పాతకాపు అన్నా, మా అగ్రిమెంటులోనూ ఆ వ్యాపారం లైనుంది. అడ్వాన్సూ పది నెలలే.

వైట్‌ఫీల్డ్ పాతకాపు:
ఓనరు పేరు నాకు విడిగా పంపు తమ్ముడూ. మా పాత ఓనరుకి దొడ్డబళ్లాపురలో కూడా తోట ఉందని విన్నాను.