గదిలో పెంచే టమాటా, మిరప: చిగురాకులు పసుపెక్కుతున్నాయి, ఏమి లోపం?

పాలకొల్లు మొక్కలు:
మా ఇంటికి ఎండ తగిలే చోటు లేదు. గదిలో ఎల్‌ఈడీ దీపాల కింద, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన కుండీల్లో టమాటా, మిరప పెంచుతున్నాను. కొద్ది వారాలుగా చిగురాకులు పసుపెక్కుతున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. కింది ఆకులకు ఏ ఇబ్బందీ లేదు. ఎరువుల కొట్టులో యూరియా వేయమన్నారు. వేయమంటారా?

కడియం నర్సరీ:
వద్దండీ. యూరియా ఇచ్చేది నత్రజని. అది చాలకపోతే మొక్క ముదురు ఆకుల్లోంచి దాన్ని లాగి చిగురుకు పంపుతుంది, అందుకే ముందు కింది ఆకులు పాలిపోతాయి. పొటాషియం తగ్గినా కింది ఆకులే, అంచులు మాడతాయి. ఇనుము అలా కదలదు. అది అందకపోతే దెబ్బ చిగురు మీదే పడుతుంది. మీరు చెప్పిన లక్షణం ఇనుముదే. మా దగ్గరకు ఫొటో తెచ్చేవారు పసుపు రంగునే చూపిస్తారు. పసుపు ఏ ఆకుతో మొదలైందో చెబితే సగం పని అయిపోతుంది.

అమలాపురం కొబ్బరితోట:
కోకోపీట్‌నూ అనుమానించండి. సరిగా కడగని పొట్టులో పొటాషియం, సోడియం ఎక్కువగా ఉంటాయి. పైగా అది కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచేస్తుంది. మేము మంచినీటితో బాగా కడిగి, కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్ళీ కడిగాకే కుండీల్లో నింపుతాము.

కడియం నర్సరీ:
పొట్టు కడగాలన్న మాట నిజమే. కానీ మెగ్నీషియం లోపమైతే ఈనెల మధ్య పసుపు కింది ఆకుల్లో కనిపించాలి కదండీ. ఇక్కడ అవి బాగున్నాయి.

భీమవరం చెరువుగట్టు:
ఇంతకీ ఏ నీళ్ళు పోస్తున్నారు?

పాలకొల్లు మొక్కలు:
కాలువ కట్టేసిన దగ్గరనుంచి బోరు నీళ్ళే. ఆర్వో యంత్రం బయటకు వదిలే నీటిని కూడా వృథా చేయడం ఎందుకని పోస్తున్నాను.

భీమవరం చెరువుగట్టు:
ఆ రెండో నీళ్ళు ఈరోజే ఆపండి! బోరులోని లవణాలన్నీ అందులో చిక్కబడి ఉంటాయి. గదిలోని కుండీని వాన కడగదు, పోసినవన్నీ అందులోనే పేరుకుంటాయి. కుండీ అంచున తెల్లటి పొర ఉందేమో చూడండి. మన వైపు రొయ్యల చెరువుల వారి కోసం నీరు పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. ఒక సీసా ఇచ్చి పీహెచ్, ఆల్కలినిటీ (క్షార గుణం), ఉప్పదనం చూడమనండి. క్షార గుణం ఎక్కువైతే కుండీలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు.

పాలకొల్లు మొక్కలు:
తెల్లటి పొర ఉంది, గోకితే సుద్దలా రాలుతోంది. ల్యాబులో పీహెచ్ 8.3 వచ్చింది, ఆల్కలినిటీ కూడా ఎక్కువే అన్నారు.

కడియం నర్సరీ:
అయితే కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్ళు పోసి ఉప్పు దించండి. ఆకుల మీద చల్లడానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు అని పొలానికి చెబుతారు. దీపాల కింది ఆకు లేతగా ఉంటుంది కనుక అందులో సగమే కలిపి, ముందు ఒక కొమ్మ మీద చల్లి చూడండి. దీపాలు ఆర్పాక చల్లాలి. కుండీలో వేయాలంటే ఈడీడీహెచ్ఏ రూపంలోని ఇనుము ఎరువు కొనండి, అది క్షార గుణంలోనూ వేరుకు అందుతుంది. ఈడీటీఏ రకం ఇంత క్షార గుణానికి నిలవదు. పసుపెక్కిన ఆకు పూర్తిగా తేరుకోకపోవచ్చు, దాని తరువాత వచ్చే ఆకును గమనించండి.

పాలకొల్లు మొక్కలు:
కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయండీ, చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు ఏసీ నుంచి కారే నీళ్ళే పోస్తున్నాను. అయితే టమాటా కాయల అడుగున నల్లటి మచ్చ మొదలైంది.

అమలాపురం కొబ్బరితోట:
అది కాయకు కాల్షియం అందకపోవడం. ఏసీ నీటిలో లవణాలు దాదాపు ఉండవు, ఇక మొక్కకు కాల్షియం ఎక్కడినుంచి వస్తుంది? కొద్దిగా బోరు నీరు కలపండి, లేదా పలుచగా కాల్షియం నైట్రేట్ ఇవ్వండి. ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తినా ఈ మచ్చ వస్తుంది, తడి ఒకే తీరున ఉంచండి. మచ్చ పడిన కాయలు కోసేయండి.