టీచరు పంపే శుక్రవారం సందేశం గురించి: కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము నిజామాబాద్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి మూడు వారాలైంది. బాబు రెండో తరగతిలో చేరాడు. బడి నుంచి రోజూ ఫోనుకు ఏవో సందేశాలు వస్తున్నాయి. నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గాని, తిరిగి రాయాలంటే జంకుతాను. ఏవి తప్పక చూడాలి? జవాబు ఇవ్వకపోతే తప్పుగా అనుకుంటారా?

జవాబు:

నమస్కారం చెల్లెమ్మా. తొమ్మిదేళ్ల కిందట నాకూ ఇదే జంకు ఉండేది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. సెలవులు, బస్సులు, భోజనం డబ్బుల వంటి విషయాలు స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి, అంటే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ నుంచి వస్తాయి. వాటిని పైపైన చూసుకుంటే చాలు. క్లాస్‌డోజో, సీసా (Seesaw) వంటి బడి యాప్‌లలోనో, తరగతి సొంత పేజీలోనో టీచరు ప్రతి శుక్రవారం స్వయంగా రాసేది వేరు. ఆ వారం పిల్లలు ఏం నేర్చుకున్నారో, వచ్చే వారం ఏం తేవాలో అందులోనే ఉంటుంది. దాన్ని మాత్రం ఒక్క వారం కూడా వదలకండి.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా నేను వదిలేశాను. బడి తెరిచిన 100వ రోజున పిల్లలు ఏవైనా 100 వస్తువులు లెక్కపెట్టి తీసుకువెళ్లడం ఇక్కడ చాలా బడుల్లో ఆనవాయితీ. ఆ సంగతి తెలియక ఖాళీ చేతులతో పంపాను. సాయంత్రం బస్సు దిగి అది నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు ఇద్దరం కూర్చుని చింతగింజలను పదేసి చొప్పున పది కుప్పలు పోసి, జిప్ సంచిలో పెట్టి పంపాం. టీచరు వాటి ఫొటో తరగతి పేజీలో పెట్టి, ఇవేమిటని అడిగారు. వీటితో మేము వామనగుంటలు ఆడేవాళ్లమని రెండు వాక్యాలు రాశాను. వచ్చి పిల్లలకు చూపిస్తారా అని ఆవిడ పిలిచారు. నా ఇంగ్లీషులో తప్పులున్నాయని ఎవరూ అనలేదు.

కాబట్టి రెండు వాక్యాలైనా రాయండి. తెలుగులో రాసుకుని గూగుల్ అనువాదంలో వేసినా ఫరవాలేదు, కానీ పంపేముందు ఒకసారి చదువుకోండి. టీచరుతో ముఖాముఖి మాట్లాడే రోజున తెలుగు దుభాషి కావాలనిపిస్తే ఆఫీసుకు ముందుగానే రాసి అడగండి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే బడులు భాష కారణంగా తల్లిదండ్రులను దూరం పెట్టకూడదన్నది 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యత. మీరు అడిగేది దయ కాదు. బాబునే దుభాషిగా కూర్చోబెట్టవద్దు. తన గురించిన మాటను తానే అనువదించడం ఆ వయసు పిల్లవాడి మీద మోయలేని బరువు.

మరొక జవాబు:

అక్కయ్య చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. పిల్లల పేరు, ఫొటో వంటి వివరాలు బయటకు ఇవ్వవద్దనుకుంటే విద్యార్థుల వివరాల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా (FERPA) చట్టం ప్రకారం మీరు ముందే రాసి ఇవ్వవచ్చు. ఆ కాగితం చాలా చోట్ల ఏడాది మొదట్లోనే వస్తుంది. అదేవిధంగా తరగతి పేజీలోని ఫొటోను ఊళ్లో ఉన్న అమ్మమ్మకు పంపాలనిపించడం సహజమే, కానీ అందులో వేరే పిల్లలు ఉంటే కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. మీ బాబు ఒక్కడే కనిపించేలా కత్తిరించి పంపండి.